సైన్సు రూములో ఓబులేసు

సుంకమ్మ అని ఒకామె ఉండె, మా చెలిమలపల్లె హైస్కూల్లో ఊడ్చే ఆమె. మనిషి ఎట్లుంటాదంటే, సన్నంగా పొడుగ్గా ఉంటాది, నోట్లోంచి ఒక మాట రావాలంటే పొద్దు గూకాల. ఆమె మొగుడు ఓబులేసు. మన పక్క చెనిక్కాయ ఎండిపోయిన యేడు మొగోల్లు బెంగుళూరుకన్నా పోతారు, లేకుంటే బోర్లు ఏసే బండెక్కి దేశాలన్నా తిరుగుతారు, మీకు తెలీంది ఏముంది. ఓబులేసు బోరు బండెక్కె. ఉత్తరాది పక్క యాడో పనంట, పంట కాలానికి వచ్చేస్తానని చెప్పి పోయినాడంట. పోయేటప్పుడు బిడ్డ గంగరత్నకు నాలుగేండ్లు, ఇంకా బడిలో కూడా ఎయ్యలే. ఆర్నెల్లు వారం వారం ఫోను చేస్తాండె. ఆ తర్వాత ఏమైందంటే, ఒక వారం రాలే. సరే, యాడో సిగ్నలు లేదేమో అనుకునె. రెండో వారం రాలే. ఇంగ రానేలే. మూన్నెల్లకు బోరు బండోల్లు ఊరికి తిరిగొస్తే ఈమె ఎదురు పోయి అడిగిందంట. వాల్లేమన్నారంటే, దావలో ఒక డాబా కాడ టీ తాగేదానికి దిగినామమ్మా, బండి కదిలే పొద్దుకు మనిషి అగుపడలే, రెండు దినాలు ఎతికినాం, ఇంటికి వచ్చుంటాడులే అనుకున్నాం అన్నారంట. అంతే. చచ్చినాడని చెప్పలే, బతికినాడని చెప్పలే. టీ తాగేదానికి దిగినాడు.

ఆ ఒక్క మాట పట్టుకోని పదేండ్లు బతికింది చూడు ఆమె. తలుపుకు గడియ ఎయ్యదు, మనిషి వస్తే తట్టాల్సొస్తాదని. పుట్టింటికి పోయినా మాపుకంతా తిరిగొచ్చేస్తాది. కుక్క మొరిగితే లేస్తాది. ఎసట్లో ఒక గుప్పెడు బియ్యం ఎక్కువే పోస్తాది, తెల్లారి ఆ సద్ది తానే తినిపోతాది. ఊర్లో పెండ్లి జరిగితే పసుపు కుంకుమ పంచే ఆమె ఇట్ల వరసగా ఇచ్చుకుంటా వచ్చి, సుంకమ్మ కాడికి వచ్చేసరికి చెయ్యి ఒక రవ్వ ఆగుతాండె. ఇచ్చేది ఇస్తారు, కాదనను. ఆ చెయ్యి ఆగేది ఉంది చూడు, అది చూసి చూసి ఆమె పెండ్లిండ్లకు పొయ్యేది మానుకునె. ముత్తైదువ అంటే ముత్తైదువ కాదు, లేదంటే లేదు. అట్ల నడిమధ్యలో నిలబడిపోయింది మనిషి.

ఇంగ ఇస్కూలు సంగతి చెప్పాల. మా ఇస్కూల్లో నాలుగేండ్లు సైన్సుకు టీచరు లేకపోయె. లెక్కల సారే వచ్చి పుస్తకం చదివి పోతాండె. సైన్సు రూములో మధ్యాన్నం కూడు బియ్యం మూటలు, కోడిగుడ్ల అట్టలు పెట్టి బీగం ఏసిండ్రి. ఓబులేసు పోయిన పదేండ్లకు జుబేదా మేడమ్ అని ఒకామె వచ్చె. టవును నుంచి దినామూ బస్సులో వస్తాది, బస్సు రాకుంటే పాల ఆటో ఎక్కైనా వస్తాది. వచ్చిన రెండో దినమే బియ్యం మూటలు బయటికి ఎత్తిచ్చి, పిల్లోల్ల చేత గాజు సీసాలన్నీ కడిగిచ్చిందంట. ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ, పొర తీసి సూక్ష్మదర్శినిలో పెట్టి చూపిచ్చింది. గొర్రె కన్ను తెప్పిచ్చి బ్లేడుతో కోసి, ఇదిగో ఈ బిళ్ల గుండానే మీరంతా లోకం చూస్తాండేది అనిందంట. చెరువు కట్ట మింద తిరిగే పిల్లోల్లు గూడా ఆమె క్లాసుకు వచ్చి కూచుంటాండిరి. గంగరత్న అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ పిల్ల అయితే మేడమ్ ఎనకాల తోక మాదిరి తిరుగుతాండె.

ఒకనాడు మేడమ్ పొడుగాటి గోతం సంచి ఒకటి బస్సులో ఏసుకోని దిగె. ఏందంటే, ఎముకల గూడు. నిజం మనిషిదే. టవునులో డాక్టరు చదువులు చదివే కాలేజీలో కొత్తగా ప్లాస్టిక్ బొమ్మలు వచ్చినాయంట, పాతవి ఇచ్చేస్తాంటే మేడమ్ చుట్టం ఎవరో ఆడ పన్జేస్తా ఉండి, మా పిల్లోల్లకు పనికొస్తాదని అడిగి ఇప్పిచ్చినాడంట. కండక్టరు దానికి టికెట్టు కొట్టాల్నా వద్దా అని చానా సేపు తల గోక్కున్నాడని చెప్తారు, మీరు నవ్వాకండి, నేను చూల్లేదు. సరే, ఆ గూడును సైన్సు రూములో మూలకు ఇనుప కమ్మీకి తగిలిచ్చిరి. మొదటి దినం పిల్లోల్లు గడప దాటలే. రెండో దినం దాని చెయ్యి పట్టి ఊపిరి. మూడో దినానికి అలవాటైపోయె.

అలవాటు కాంది సుంకమ్మకే. పొద్దున ఊడ్చేదానికి పోయింది. మొదట దాని దిక్కు చూడకనే ఊడ్చుకుంటా వచ్చె. కాల్ల కాడికి వచ్చేసరికి పొరక ఆగిపోయె. ఎడమ కాలు, మోకాలి కింద ఎముక మింద, ఇంత గడ్డ. ఇరిగి, వంకరగా అతుక్కున్న గడ్డ. ఇది మీకు అర్థం కావాలంటే ముందరి సంగతి ఒకటి చెప్పాల. ఓబులేసు పెండ్లయిన రెండో యేడు బోరు పైపు ఎడమ కాలు మింద పడి ఎముక ఇరిగింటె. ఆసుపత్రికి పోకుండా నాటు కట్టు కట్టిచ్చుకునె. అది వంకరగా అతుక్కునె, గడ్డ కట్టె. ఆర్నెల్లు ఆ కాలికి ఆముదం పూసి తిక్కింది ఎవరు? సుంకమ్మే గదా. కండ్లు మూసుకోని ముట్టుకున్నా ఆ గడ్డ యాడుంటాదో ఆ చేతికి తెలుసు. ఆమె కూచోని, పొరక పక్కన పెట్టి, ఆ ఎముకను ఇట్ల బొటనేలితో తడిమి చూసిందంట. అదే చోటు. గంట కొట్టే దాకా ఆడే కూచునుంది. పిల్లోల్లు వచ్చి ఏందక్కా అంటే, ఏం లే, కాల్లో ముల్లు అనింది.

ఎనిమిది దినాలు ఎవరికీ చెప్పలే. తొమ్మిదో దినం మధ్యాన్నం, పిల్లోల్లంతా కూటికి పోయినంక, మేడమ్ ఒకతే రూములో కూచోని రికార్డులు దిద్దుకుంటా ఉంటే ఈమె పోయి వాకిట్లో నిలబడె. అది ఇదీ అడిగినట్టు అడిగి, మొగుని సంగతి అంతా చెప్పె. ఆ గూడు కాలు చూపిచ్చె. మేడమ్ అనిందంట, సుంకమ్మా, కాలు ఇరిగినోల్లు లోకంలో లక్ష మంది ఉంటారు, ఆ డాబా యాడ, మన టవును యాడ అని. ఈమె, అదేం కాదు మేడమ్, దిక్కులేని పీనుగులను యాడెక్కడి నుంచో కాలేజీలోల్లు తెప్పిచ్చుకుంటారంట గదా, హెడ్మాస్టరు సారు చెప్పినాడు, అనె. అని, ఇంగ ఒక్కటే మాట అడిగింది.

"ఇది మొగమనిషిదేనా మేడమ్? అదొక్కటి చెప్పండి చాలు."

మేడమ్ లేసి ఎముకల గూడు కాడికి పోయిందంట. తుంటి ఎముక మింద చెయ్యి పెట్టె. ఈ పక్క సుంకమ్మ మొగం చూసె. ఆ మొగంలో ఏముండిందో నేను చెప్పలేను గానీ, పదేండ్లు మూట మోసిన మనిషి దించుకునేదానికి ఒక గట్టు అగుపడితే ఎట్ల చూస్తాదో అట్ల చూస్తాండిందనుకో.

"మొగమనిషిదే సుంకమ్మా" అనింది మేడమ్.

అంతే, సుంకమ్మ ఏడవలే గీడవలే. మంచిది మేడమ్ అని చెప్పి, పొరక తీసుకోని పోయె. ఆ మాపు ఓబులేసు అన్నదమ్ముల్ని పిలిచి చెప్పె. వాల్లు కొందరు నమ్మిరి, కొందరు నమ్మలే, కానీ సదువుకున్న మేడమే చెప్పిందంటే ఇంగ కాదనేదానికి ఎవరికి నోరొస్తాది. ఎముకలు ఇయ్యమని హెడ్మాస్టరును అడిగితే, అది సర్కారు సొత్తమ్మా, ఇచ్చేదానికి నాకు రాదు అన్నాడంట. ఓబులేసు పాత చొక్కాయి, లుంగీ, ఒక జత చెప్పులు పెట్టి వంకలో పూడ్చిరి. దినాలు చేసిరి. గాజులు పగలగొట్టిరి, తాళి తెంచిరి. అవన్నీ అయినంక ఇంటికి వచ్చి సుంకమ్మ తలుపుకు గడియ ఏసుకోని పండుకునెనంట. తెల్లారి పొద్దెక్కిందాకా లేయలే. పక్కింటోల్లు బయపడి తలుపు తట్టిరి. లేసి, ఏంటికి అట్ల బాదుతారు, నిద్ర పోనియ్యరా అనె. పదేండ్లకు నిద్రపోయింది మనిషి.

ఆ యేడు సుంకమ్మ రవ్వంత ఒల్లు చేసింది కూడా. ఎసట్లో గుప్పెడు బియ్యం తగ్గిచ్చె. ఇస్కూల్లో అన్ని రూములూ ఊడ్చి, కడాన సైన్సు రూముకు పోతాది. తడి గుడ్డతో ఎముకలు ఒకటొకటి తుడుస్తాది. తుడుస్తా తుడుస్తా మాట్లాడుతాదంట, వాన పడలేదు, మీ అన్న గొడ్లు అమ్మేసినాడు, పిల్లకు జరమొచ్చి తగ్గింది అని. ఇంట్లో నోరు తెరవని మనిషి ఆడ మాత్రం గలగలా మాట్లాడుతాండిందంట.

ఇంగ గంగరత్న సంగతి. అమ్మకు నిద్ర వచ్చె గానీ పిల్లకు పోయె. ఎట్ల పోకుండా ఉంటాది మీరే చెప్పండి. మేడమ్ క్లాసులో కట్టె పట్టుకోని, ఇది జత్రుక, ఇది భుజాస్థి, ఇవి పక్కటెముకలు, లెక్క పెట్టండి అంటాంటే, ఎనక బెంచీలో ఎవడో ఒకడు, గంగీ, మీ నాయన్ను లెక్క పెడతాండారే అంటాడు. అందరూ నవ్వుతారు. మేడమ్ తిడతాది, ఒక దినం గమ్మునుంటారు, మల్లా అంటారు. ఈ పిల్ల తల దించుకోని రాసుకుంటాది. ఆ క్లాసులో రెండువందల ఆరు ఎముకల పేర్లూ ముందర నేర్చుకునింది ఎవరంటే గంగరత్నే. నాయన మొగం ఫోటోలో చూసిందే గానీ దానికి గుర్తు లేదు. ఎముకల పేర్లు మాత్రం అన్నీ వచ్చు.

పదో తరగతికి వచ్చినారు. మేడమ్ ఏం చేస్తాండిందంటే, అన్ని ఎముకలూ చెప్పుకుంటా వచ్చి, తుంటి కాడికి వచ్చేసరికి గబగబా దాటేస్తాండె. గంగరత్న అది కనిపెట్టింది. మేడమ్ కాలేజీలో చదువుకున్న పాత పుస్తకం ఒకటి బీరువాలో ఉంటే, అడిగి తీసుకోని, ఆ పేజీ ఎతికి చదివె. ఏముందంటే ఆడ, ఆడమనిషి తుంటికీ మొగమనిషి తుంటికీ తేడా ఉంటాదంట. బిడ్డ బయటికి రావాల గదా, ఆడోల్లకు ముందర ఎముక కింద సందు వెడల్పంట, బొటనేలు చూపుడేలు బార్లా చాపితే ఎంత ఎడం ఉంటాదో అంత. మొగోల్లకు ఇరుకంట, చూపుడేలు నడిమేలు చాపినంత. మధ్యాన్నం ఎవరూ లేనప్పుడు పోయి, ఆ పిల్ల తన ఏల్లు పెట్టి కొలిచి చూసింది. బొటనేలు, చూపుడేలు. సరిగ్గా పట్టె. మల్లా కొలిచె. మల్లా పట్టె.

ఇంటికి పోయి అమ్మకు చెప్పలే. ఎందుకు చెప్పలేదంటే, పిల్ల గదా, దానికి ఒకటే ఆశ, మేడమ్ నోటితో ఇనాలని. మేడమ్ చెప్తే దినాలు చేసిరి గదా, అదే మేడమ్ చెప్తే నాయన బతుకుతాడు. మరుసటి దినం క్లాసులో లేసి నిలబడె. కిటికీ అవతల వరండాలో సుంకమ్మ ఊడుస్తాంది, ఆ సంగతి పిల్లకు తెల్దు, మేడమ్‌కు మాత్రం అగుపిస్తానే ఉంది.

"మేడమ్, ఇది ఆడమనిషిదా, మొగమనిషిదా?"

మేడమ్ కట్టె బల్ల మింద పెట్టె. ఏంటికడుగుతాండావు అనె. పుస్తకంలో ఉంది మేడమ్, నేను కొలిచినా అని, ఏల్లు చాపి చూపిచ్చె. క్లాసంతా పెన్నులు పట్టుకోని కూచునుంది రాసుకునేదానికి. కిటికీ అవతల పొరక శబ్దం ఆగిపోయె. మేడమ్ ఆ కిటికీ దిక్కు చూసె, ఈ పిల్లను చూసె. 

"ఆడమనిషిది" అనింది. "గంగరత్న కొలిచింది సరిగ్గా ఉంది. రాసుకోండి."

పిల్ల మొగం ఎలిగిపోయెనంట. నాయన చచ్చిపోలే! అది క్లాసు మధ్యలోనే బయటికి ఉరికి, అమ్మా అమ్మా అని వరండాలోకి వచ్చె. వరండాలో పొరక పడుంది, మనిషి లేదు. సుంకమ్మ ఇంటికి పోయి, గోడకు ఆనుకోని, బోడి చేతులు ఒడిలో పెట్టుకోని కూచునుండె. పిల్ల వచ్చి, మా, నాయన కాదంటమా, నాయన యాడో ఉన్నాడుమా అని ఊపె. ఒకటే మాట చూడండి. దానికి బతుకు వచ్చె, ఈమెకు ప్రాణం పోయె.

నాలుగు దినాలు సుంకమ్మ ఇస్కూలుకు పోలే. ఐదో దినం మేడమే ఇంటికి వచ్చె. పీట ఏస్తే కూచోలే, నేల మింద కూచునె. తప్పు నాదే సుంకమ్మా, ఆ పొద్దు నీ మొగం చూసి అబద్ధం చెప్పినా అనిందంట.  నేనడిగిన పొద్దు కాదని ఉంటే ఒక మాపు ఏడ్చుందును మేడమ్, తెల్లారి మామూలుగా ఉందును, అనె సుంకమ్మ. నా తాళి ఉండేది, నా గాజులుండేవి. పిల్ల అడిగినప్పుడన్నా అదే మాట మింద నిలబడుంటే సరిపోయేది గదా, నా నిద్రన్నా నాకుండేది, అనె.

మేడమ్ కండ్లు తుడుచుకోని, "ఇరవైరెండు మంది పిల్లోల్లు రాసుకుంటా కూచున్నారు సుంకమ్మా. నేను ఏం చెప్తే అది రాస్తారు" అనింది.

సుంకమ్మ లేసె. పొయ్యి రాజేసి టీ పెట్టి ఇచ్చింది. మేడమ్ తాగి పోయింది.

ఇంగ అసలు కథ ఇప్పుడు ఉంది. సుంకమ్మ మల్లా ఎదురుచూసేది మొదలుపెట్టిందా అంటే, లేదు. ఆ పని గంగరత్న ఎత్తుకునె. గడియ తీసి పెట్టింది ఆ పిల్లే. కుక్క మొరిగితే లేచేది ఆ పిల్లే. అన్నం కుండలో గుప్పెడు బియ్యం ఎక్కువ ఏసేది ఆ పిల్లే. పరీక్షలు రాసె, ఇస్కూలుకంతా ఫస్టు వచ్చె, సైన్సులో అయితే ఎవరికీ రాని మార్కులు. టవునులో హాస్టలు ఉండే కాలేజీలో సీటు ఇస్తామని కాగితం గూడా వచ్చె. పిల్ల ఏమనింది, నేను పోను అనింది. ఏంటికి పోవు అంటే, నువ్వు పొద్దున్నే ఇస్కూలుకు పోతావు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాయన వస్తే, తలుపు బీగం చూసి వాకిట్లోంచే ఎనక్కి తిరిగిపోతాడు అనె. మేడమ్ వచ్చి చెప్పె, పెదనాయనలు వచ్చి చెప్పిరి. వాకిట్లో గోడకు ఆనుకోని, దావ దిక్కు చూసుకుంటా కూచునే ఆ పిల్లను సుంకమ్మ చూసె. పదారేండ్ల పిల్ల. తను కూచున్న చోటే, తను కూచున్న మాదిరే.

కాలేజీలో చేరేదానికి ఇంగ రెండు దినాలే ఉందనంగా, సుంకమ్మ పిల్లను పిలిచి ఎదురుగా కూచోబెట్టుకునె. నీకు ఇన్నేండ్లు చెప్పలే, ఇప్పుడు పెద్దదానివైనావు, చెప్తాండా అనె. మీ నాయన టీకి దిగి తప్పిపోలే. ఆడ ఒక ఆడదాన్ని చూసుకున్నాడు. బోరు బండోల్లు అప్పుడే నాకు చెప్పినారు. ఇద్దరు మొగపిల్లోల్లంట. ఆయప్ప రాడు, రావాలని కూడా లేదు ఆయప్పకు.

గంగరత్న, "అయితే నువ్వు పదేండ్లు ఎవరికోసం కూచున్నావుమా?" అనె.

"ఊరి కోసం" అనింది సుంకమ్మ.

పిల్ల లేసి లోపలికి పోయి, గోడకున్న నాయన ఫోటో తీసి, సుంకమ్మ ఒడిలో ఏసి, సంచి సర్దుకునె. మరుసటి దినం టీసీ తీసుకునేదానికి ఇస్కూలుకు పోయి, సైన్సు రూములో మేడమ్‌ను అడిగిందంట, మా అమ్మ ఇట్లంటాంది మేడమ్, ఇది నిజమేనా, మీకు ఎప్పుడన్నా చెప్పిందా అని. తల్లి ఏంటికి ఇట్ల చెప్పిందో మేడమ్‌కు అర్థమైపోయింది అనుకో. తెలివైన ఆడమనిషి, అర్థం కాకుండా ఎట్లుంటాది. ఆమె ఏం చెప్పిందంటే, "ఎముకైతే చూసి చెప్తానమ్మా. ఇది నాకు రాదు" అనింది. పిల్ల మల్లా అడగలే. బస్సెక్కె.

ఇప్పుడు గంగరత్న టవునులో నర్సు చదువుతాంది. బాగా చదువుతాదంట. నెలకొకసారి వస్తాది, తల్లికి మాత్రలు, సబ్బులు తెస్తాది, రెండు మాటలు మాట్లాడి సాయంత్రం బస్సుకు పోతాది. ఎవరన్నా మీ నాయన అని ఎత్తితే లేసిపోతాది. ఇన్నేండ్లు మోసం చేసినావని తల్లి మింద దానికి కోపం, నాయన మింద కంటే ఎక్కువ. సుంకమ్మ పోగొట్టుకున్నది ఏందంటే, ఆ ఇంట్లో ఓబులేసు పేరు ఎత్తే మనిషి ఇంగ లేకుండా పోయె. మేడమ్‌కు బదిలీ అయ్యి పోయె. మల్లా సైన్సుకు టీచరు రాలే, మల్లా లెక్కల సారే.

ఇంత ఇన్నంక మీరు అడగబోయేది నాకు తెలుసు. ఓబులేసు ఏమైనాడు, ఎప్పుడన్నా వచ్చినాడా అని. వస్తే మాత్రం ఏం చేయాల చెప్పండి. మా ఊరోల్లమే ఆయప్పకు దినాలు చేసి పప్పన్నం తినొచ్చినాం, సుంకమ్మ బిడ్డకు చెప్పిన మాట ఊరంతా పాకినంక మా ఊరోల్లమే ఆయప్పకు ఉత్తరాదిలో రెండో పెండ్లి చేసి ఇద్దరు కొడుకులను ఇచ్చినాం. రెండూ నమ్మినాం. ఇంగ నిజం మనిషి వచ్చి నిలబడితే కూచోమనేదానికి ఊర్లో చోటు యాడుంది? రాకుంటేనే మేలు అంటా నేను. సుంకమ్మ ముందర మాత్రం అననులే. లేయండి, ఎండెక్కింది, గొడ్లకు నీల్లు పెట్టాల.